పంగిడి క్వారీలో అర్థమైన కేజీ బేసిన్

గేట్ జియాలజీ ప్రిపరేషన్‌లో నన్ను బాగా ఏడిపించింది కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ స్ట్రాటిగ్రఫీ పట్టిక, అంటే రాతి పొరల వయసు వరుస. కొమ్ముగూడెం, మండపేట, గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి, రాజోలు... అన్నీ మన ఊళ్ల పేర్లే. మూడుసార్లు బట్టీ పట్టినా వరుస నిలవలేదు. ఒక మాక్ టెస్టులో మండపేట గ్యాస్‌కు సోర్స్ రాక్ (గ్యాస్ పుట్టిన రాయి) రాఘవాపురం షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) అని పెట్టి వచ్చాను. రాఘవాపురం క్రెటేషియస్ కాలానిది, మండపేట ఇసుకరాయి అంతకంటే పాతదైన ట్రయాసిక్ కాలానిది. ఆ గ్యాస్ పుట్టింది దానికంటే కింద ఉన్న, ఇంకా పాత పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం బొగ్గు, షేల్ పొరల్లో.

ఆ తర్వాత ఒక ఆదివారం కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీలకు వెళ్లాను. రెండు నల్లరాయి (గడ్డకట్టిన లావా) ప్రవాహాల నడుమ తెల్లటి సున్నపురాయి పొర, చేత్తో తడిమితే గుల్లల ముక్కలు తగిలాయి. లావా ప్రవాహానికీ ప్రవాహానికీ మధ్య విరామంలో పేరుకున్న పొర అది. అదే దక్కన్ లావా సముద్రం వైపు దిగిపోయి, డ్రిల్లింగ్‌లో రాజోలు ఫార్మేషన్‌గా కనిపిస్తుంది. ఇంటికొచ్చి పంగిడి నుంచి సముద్రం దాకా ఒక క్రాస్ సెక్షన్ గీశాను. మీరూ గీయండి, పట్టిక పక్కన పెట్టేసి.

అడుగున వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే గోండ్వానా గ్రాబెన్ (పగుళ్ల మధ్య కుంగిన పల్లం). భారత్, అంటార్కిటికా విడిపోయేటప్పుడు దానికి అడ్డంగా ఈశాన్య-నైరుతి దిశలో బాపట్ల, తణుకు హార్స్టులు (పగుళ్ల మధ్య ఎత్తుగా నిలిచిన దిమ్మలు), వాటి నడుమ పల్లాలు ఏర్పడ్డాయి. ఇక ప్రతి పొర దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది చమురు, గ్యాస్‌ను పుట్టించేదా, దాచేదా, వాటికి మూత వేసేదా? రాఘవాపురం షేల్ పుట్టిస్తుంది, కింది గొల్లపల్లి ఇసుకరాయికి మూత కూడా వేస్తుంది. దీని మీద వచ్చేది తిరుపతి ఇసుకరాయి. ఆ పేరు వెంకన్న కొండది కాదు, చిన్న తిరుపతిది.

లావా పైన టెర్షియరీ కాలపు డెల్టా బరువుకు గ్రోత్ ఫాల్టులు (పొరలు పేరుకుంటుండగానే జారే పగుళ్లు), రోల్‌ఓవర్ మడతలు (ఆ పగుళ్ల వైపు వంగిన పొరలు). తీరం దాటాక మూడు చమురు, గ్యాస్ క్షేత్రాల పేర్లు చాలు: రవ్వ (1987లో కనుగొన్నారు), రిలయన్స్ డీ6 (2002లో కనుగొన్నారు, 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి), ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరిలో మొదటి చమురు.

గ్యాస్ హైడ్రేట్లు (సముద్రం అడుగున మీథేన్‌ను బంధించిన మంచులాంటి పదార్థం) మాత్రం వదలొద్దు. వీటి కోసం సాగిన 2006 అన్వేషణ యాత్రలో బంకమట్టి పగుళ్లలో, 2015 యాత్రలో ఇసుక పొరల్లో దొరికాయి. ఇసుకలో దొరకడం ఉత్పత్తికి ఎందుకు మేలో పర్మియబిలిటీతో (రాయి గుండా ద్రవాలు, వాయువులు పారే గుణం) కలిపి ఒక పేరా రాసి చూసుకోండి.