పసిపిల్లలతో ఓడ ప్రయాణం: గది ఎంపికలో నేను చూసేవి

క్రూయిజ్ ఓడలో గది తీసుకునేటప్పుడు నేను మొదట చూసేది కిటికీ కాదు, ఆ గదికి పైనా కిందా ఏమున్నాయన్నది. ఎందుకంటే ఈతకొలనుకు సరిగ్గా కింద గది తీసుకున్న ఒక ప్రయాణంలో, తెల్లవారకముందే పైన కుర్చీలు ఈడ్చే చప్పుడుకు మా చిన్నది ఉలిక్కిపడి లేచి కూర్చునేది. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువగా తెలుస్తుంది కనుక ఇప్పుడు అక్కడే వెతుకుతున్నాను. కాస్త చవకగా వస్తుందని, గది నంబరు ఎంపికను ఓడ కంపెనీకే వదిలేసే పద్ధతి పిల్లలున్నవారికి పనికిరాదని నా అభిప్రాయం. అంతకంటే మంచి గదికి మారుస్తామన్నా, అది ఎక్కడుందో చూడకుండా ఒప్పుకోను.

కిటికీ లేని లోపలి గదిలో పట్టపగలే చిమ్మచీకటి చేయవచ్చు, మధ్యాహ్నపు నిద్రకు అంతకు మించిన వసతి లేదు. పసివాళ్ల తొట్టెను మాత్రం ముందే అడిగి ఉంచాలి, అది వేశాక నడిచే దారి మిగలకపోవచ్చు కూడా. గదుల గోడలు చాలావరకు ఉక్కువి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు చక్కగా అతుక్కుంటాయి. తడి ఈతదుస్తులు, టోపీలు, సంచులు వాటికే వేలాడదీసి, ఖాళీ పెట్టెలను మంచం కిందికి తోసేస్తాము. బాల్కనీ ఉంటే, అక్కడి కుర్చీలను పిల్లలు ఎక్కకుండా కటకటాలకు దూరంగా జరిపి, తలుపు గడియ వారికి అందుతుందేమో చూసుకున్నాకే సామాను విప్పుతాను.