ఎర్ర చీటీ ఉంటే టైప్ నమూనా అయిపోదు

నిన్న సాయంత్రం మా గైడ్ గారు నా పేపర్ మీద సంతకం పెట్టారు. ఏడాదిన్నర టెన్షన్ తీరింది. టైప్ నమూనా చూడ్డానికి వెళ్లినప్పుడు జరిగిన అవమానం మీది కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

కావలిలో మా పెరటి గోడ మీది మట్టిగూటి నుంచి ఓ కోకిల కందిరీగ బయటికొచ్చింది. వేరే కందిరీగల గూళ్లలో గుడ్డు పెట్టే రకం. గోరంత ఉంటుంది, నెమలి మెడ రంగు. ముట్టుకోగానే ఉండలా ముడుచుకుంది. మన దేశపు చీమలు, కోకిల కందిరీగల మీద బింగ్‌హామ్ 1903లో రాసిన సంపుటం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికింది. వెతికితే మా పురుగుకు రెండు పాత పేర్లు తేలాయి. పేపర్ వచ్చేదాకా వాటిని ఇక్కడ రాయను. రెండూ ఒకే జాతివైతే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. అది తేలాలంటే టైప్ నమూనాలు, అంటే ఆ పేర్లు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న అసలు పురుగులు, చూడాలి.

అక్కడే నా ప్రాణం తోడేశారు. తెల్లవారుజామున రైలెక్కి వెళితే, ఆ నమూనాలు దాచిన సంస్థలో మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. చివరికి ఒక డ్రాయర్ తెరిచి, టైప్‌కు గుర్తుగా పెట్టే ఎర్ర చీటీ ఉన్న పురుగును చూపించి "ఇదే టైప్, ఫోటో తీసుకుని వెళ్లు" అన్నారు. సూదికి పచ్చగా చిలుము పట్టింది, ఒక రెక్క లేదు. లెన్సు పెట్టి చూశాను. మగది! మొదటి వర్ణనలో ఉన్నవన్నీ ఆడవే. అదే చెప్పాను. అధికారి అందరి ముందూ, "ఏమ్మా, కావలి నుంచి వచ్చి మాకు పాఠాలు చెప్తావా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ లేవలేదు. అదే డ్రాయర్ మూలలో వెలిసిన సిరాతో చేతిరాత చీటీ ఉన్న ఆడది దొరికింది. ఊరు పేరు, కొలత, పొట్ట చివర పళ్లలా ఉండే మొనల లెక్క, అన్నీ వర్ణనతో సరిపోయాయి. నలభై ఏళ్లుగా ఎవరూ చూడనిది నేను చూశాను. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

మీరూ వెళితే మొదటి వర్ణన ప్రింటు చేతిలో పట్టుకుని వెళ్లండి, చీటీని నమ్మకండి. వర్ణించినవాడు ఏ ఒక్కదాన్నీ టైప్‌గా ఎంచకపోతే అవన్నీ సింటైపులే, అంటే అన్నీ కలిపి టైప్‌గా లెక్క. వాటిలోంచి ఒకదాన్ని లెక్టోటైప్‌గా, అంటే తర్వాత ఎంచిన ఏకైక టైప్‌గా, నిలబెట్టాలంటే, 1999 తర్వాతైతే ఆ మాట పేపర్‌లో స్పష్టంగా రాయాలి. నేను రాసిన ఆ వాక్యాన్ని గైడ్ గారు నాలుగుసార్లు దిద్దించారు.

ఆ మగదాని కింద ఎర్ర చీటీ ఇంకా అలాగే ఉంది. దాన్ని పీకొద్దనీ, పక్కనే "ఇది టైప్ కాదు" అని మరో చీటీ గుచ్చమనీ ఈ ఉదయం ఉత్తరం పోస్టు చేశాను.