టొలేడోలో ఉరుకులు పరుగులు

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ నుంచి బస్సులో గంట ప్రయాణం. టాహో నది మూడు వైపులా చుట్టేసిన కొండ మీద ఊరు. జెండా పట్టుకుని గైడ్ ముందు, ఆయాసపడుతూ మేం వెనక. 1226లో మొదలుపెట్టి 1493లో పూర్తిచేసిన కెథడ్రల్‌ని ముప్పావుగంటలో చుట్టేయించాడు మహానుభావుడు!

నా మనసంతా సాంతా మరియా లా బ్లాంకా దగ్గరే ఆగిపోయింది. కట్టింది యూదుల ప్రార్థనా మందిరంగా. లోపల గుర్రపు నాడా ఆకారంలో వరుసగా తెల్లటి కమాన్లు చూస్తే అచ్చం మసీదే. పేరేమో తర్వాత చర్చిగా మార్చినప్పుడు పెట్టింది. ఎనిమిది పలకల స్తంభాల పైన సున్నంతో చెక్కిన పైన్ కాయలు, తీగలు. తల పైకెత్తి చూస్తుంటే మెడ పట్టేసింది, అయినా తనివి తీరలేదు.

ఇంతలో గైడ్ కేక. తీరా చూస్తే కత్తుల షాపుకి! అక్కడ మాత్రం కావలసినంత టైమిచ్చాడు. కత్తి ఎవరిక్కావాలి, బాదం పప్పు మిఠాయి మార్జిపాన్ కొనుక్కుని బస్సెక్కా.