షట్టర్ సగం దించాక

"రెండు నిమిషాల పని. ఇచ్చేస్తే వాడి సొమ్మేం పోయింది?" అన్నాడు బావ, చెప్పులు విప్పుతూనే. మూసే వేళ దాటాక దుకాణానికి వెళ్ళాడట. లోపల లైట్లున్నాయి, మనుషులున్నారు, అయినా లేదు పొమ్మన్నారట. బావ ఏదైనా ఒకసారి చెప్పి ఊరుకునే రకం కాదు. అక్క విననట్టే ఉండిపోయింది. నాకు మాత్రం ఆ "రెండు నిమిషాలు" చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

లైట్లు వెలుగుతుంటే ఇంకా అమ్ముతున్నారని అందరూ అనుకుంటారు. ఆ వేళకి లోపల జరిగేది లెక్క.

బిల్లింగ్ మెషిన్‌లో రెండు రిపోర్టులుంటాయి. ఎక్స్ రిపోర్ట్ ఎన్నిసార్లు తీసినా నష్టం లేదు, అప్పటిదాకా ఎంత అమ్మారో చూపించి ఊరుకుంటుంది. జెడ్ రిపోర్ట్ తీస్తే మాత్రం ఆ రోజు లెక్క మూతపడి మొత్తం సున్నాకి వచ్చేస్తుంది. ఆ తర్వాత వేసిన బిల్లు ఎంత చిన్నదైనా రేపటి ఖాతాలోకి పోతుంది. డబ్బేమో ఈ రాత్రే చేతికొచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఈరోజు సంచీ అప్పటికే లెక్కపెట్టి, చీటీ రాసి, సీలు వేసేశారు. రేపటి చిల్లర కోసం గల్లాలో ఉంచిన దాంట్లో కలిపితే పొద్దున షిఫ్ట్ వాళ్ళు లెక్కపెట్టగానే ఎక్కువ తేలుతుంది. గల్లాలో తక్కువ తేలితే ఎంత గొడవో, ఎక్కువ తేలినా అంతే గొడవ. ఎవరికో చిల్లర తక్కువిచ్చారనో, బిల్లు వేయకుండా సరుకిచ్చారనో అనుమానం పుడుతుంది. సాయంత్రం కార్డు మీద కొన్నది మార్చుకుంటానని ఆ వేళప్పుడు వచ్చేవాళ్ళది ఇంకో తంటా. స్వైపింగ్ మెషిన్‌లో సెటిల్‌మెంట్, అంటే ఆ రోజు కార్డు లెక్కలు బ్యాంకుకి పంపడం, కాకముందైతే వాయిడ్ కొట్టి ఆ బిల్లు రద్దు చేస్తే అయిపోయేది. సెటిల్‌మెంట్ అయ్యాక రిఫండే గతి, అది ఖాతాలో పడేసరికి రోజులు పడుతుంది. "నా డబ్బు ఏదీ" అని ఫోన్లు వచ్చేది కూడా ఆ కౌంటర్ మనిషికే.

వంట ఉన్న చోట ఇంకా కష్టం. ఫ్రయర్‌లో నూనె 175, 180 డిగ్రీల దగ్గర కాగుతుంటుంది. చేత్తో వడకట్టే చోట దాన్ని ఆపి, బాగా చల్లారనిస్తే గానీ ముట్టుకోవడానికి లేదు. ఒక్క ప్లేటు కోసం మళ్ళీ వేడిచేశారా, చల్లారే సమయమంతా మొదటికొస్తుంది. పొగ లాగే ఫ్యాన్ కట్టేశాక బర్నర్ వెలిగించడం ప్రమాదం కూడా. కొన్ని వంటగదుల్లో ఫ్యాన్ తిరక్కపోతే గ్యాసే రాకుండా ఇంటర్‌లాక్ పెడతారు. ఇక కాఫీ తీసే ఎస్ప్రెసో మెషిన్. దాన్ని గుడ్డ పెట్టి తుడిస్తే సరిపోదు. రంధ్రాల్లేని బాస్కెట్‌లో శుభ్రం చేసే పొడి వేసి, పది సెకన్లు నడిపి ఆపి, అలా నాలుగైదు సార్లు చేసి, మళ్ళీ ఉత్త నీళ్ళతో అన్నిసార్లూ తిప్పాలి. సరిగ్గా ఆ మధ్యలో వచ్చి "ఒక్క కాఫీయేగా" అంటే ఏం చెయ్యాలి? పొడి పూర్తిగా పోయేదాకా కడిగి, మొదటి కప్పు పారబోసి, రెండోది ఇచ్చి, ఆయన వెళ్ళాక మళ్ళీ పొడి దగ్గర్నుంచి మొదలు. తుడిచిన తడి నేల మీద ఆయన నడిచిన బాట సంగతి సరేసరి. బావ చెప్పే రెండు నిమిషాలు కౌంటర్‌కి ఇవతలివి. అవతల అవి ఇరవై అవుతాయి.

ఇంకోటి కూడా ఉంది, ఇది ఎవరూ పైకి అనరు. మూసే వేళకి గల్లాలో డబ్బు అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది, మనుషులు అన్నిటికంటే తక్కువ ఉంటారు. అందుకే తాళం పడ్డాక ఎవరు తలుపు కొట్టినా తియ్యొద్దని, వెళ్ళేటప్పుడు ఇద్దరు కలిసే వెళ్ళాలని నేర్పుతారు. అలారం పెట్టాక బయటికి నడవడానికి సాధారణంగా 30 నుంచి 60 సెకన్ల వ్యవధే ఉంటుంది. ఆ టైములో గాజు తలుపు బయట ఎవరో చెయ్యి ఊపుతూ నిలబడితే, వాళ్ళు మంచివాళ్ళో కాదో చూసి తేల్చుకోవాల్సిన పని జీతం తక్కువున్న మనిషి మీద పడుతుంది.

ఇది రాస్తుంటే బ్యాంకుల టైమ్ లాక్ గుర్తొచ్చింది. 1873లో అమెరికాలో జేమ్స్ సార్జెంట్ అనే తాళాలాయన తయారుచేశాడు. ఆ రోజుల్లో కొందరు దొంగలు ఇనప్పెట్టెను బద్దలుకొట్టే బదులు, రాత్రిపూట క్యాషియర్ ఇంటికే వెళ్ళి, ఇంట్లోవాళ్ళని పట్టుకుని, తాళం తిప్పే నంబరు చెప్పించుకునేవాళ్ళు. నంబరు తెలిసిన మనిషి ఉన్నంతకాలం ఎంత గట్టి తాళమైనా దండగే కదా. అందుకని తలుపు లోపలి వైపు గడియారాలు బిగించారు. సాయంత్రం మూసేముందు, పొద్దున తెరవడానికి ఎన్ని గంటలుందో లెక్కేసి వాటికి కీ ఇస్తారు. ఆ గంటలు గడిచేదాకా సరైన నంబరు తిప్పినా, మేనేజరే వచ్చి తిప్పినా తలుపు కదలదు. ఒక గడియారం ఆగిపోతే తలుపు ఎప్పటికీ రాదేమోనని రెండో మూడో పెడతారు, ఏ ఒక్కటి నడిచినా చాలు. ఇందులో జరిగే పొరపాటు ఒకటుంది: గంటలు ఎక్కువ లెక్కేసి కీ ఇవ్వడం. అలా ఇస్తే పొద్దున బ్యాంకు తెరుస్తారు గానీ ఖజానా తెరుచుకోదు, అందరూ గడియారం దయ కోసం కూర్చోవాలి.

అందులో నాకు నచ్చిందేమిటంటే, ఆ తలుపు తియ్యలేదని క్యాషియర్‌ని ఎవరూ తిట్టరు. వాడి చేతిలో లేదని అందరికీ తెలుసు. షట్టర్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి ఆ అదృష్టం లేదు. వాడు తియ్యగలడని ఎదుటివాడికి తెలుసు, అందుకే బతిమాలతాడు, తర్వాత గొంతు పెంచుతాడు. మరీ చిరాకు పుట్టించేది ఏమిటంటే, మర్నాడు ఫిర్యాదు రాగానే పైవాళ్ళు "అయ్యో, ఇచ్చి ఉండాల్సింది" అనేస్తారు. మూసే వేళ దాటాక ఇవ్వొద్దన్న నోటితోనే. నిన్న రాత్రి రూలు పాటించినవాడు ఈ పొద్దుటికి మొండివాడైపోతాడు. దీనికంటే, మొహమాటానికి ఒకడు ఇచ్చేస్తే వచ్చే చిక్కు ఇంకా పెద్దది. వాడికి పోయేదేం లేదు, దెబ్బ రేపు రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి. "నిన్న ఆయన ఇచ్చాడే, నీకేం వచ్చింది?" అన్న మాట వాడు పడాలి.

ఇక్కడిదాకా రాసింది చదువుకుంటే నేను ఉద్యోగి తరఫు వకాల్తా పుచ్చుకున్నట్టే ఉంది. కానీ బావ వైపు కూడా కాస్త న్యాయం ఉంది. బోర్డు మీద తొమ్మిది అని రాసి, పావు తక్కువ తొమ్మిదికే కుర్చీలు బల్లల మీదికి ఎక్కించి, మొహం మాడ్చుకునే చోట్లు బోలెడు. ఎనిమిది యాభై ఎనిమిదికి గుమ్మం దాటినవాడు ఆలస్యంగా వచ్చినవాడు కాదు. జర్మనీలో 1956లో దుకాణాల మూసివేత మీద చేసిన చట్టంలో ఈ గీత స్పష్టంగా గీశారు: మూసే సమయానికి లోపలున్న కస్టమర్లకి కావలసినవి ఇచ్చి పంపొచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పబ్బులకి 1964 చట్టం పది నిమిషాల గడువిచ్చింది, 1988లో దాన్ని ఇరవై చేశారు. అమ్మకం ఆగాక, చేతిలో ఉన్న గ్లాసు ఖాళీ చేసుకోవడానికి ఆ సమయం. అంటే అమ్మకం ఆపే వేళ, ఖాళీ చేసే వేళ వేరని వాళ్ళు కాగితం మీదే ఒప్పుకున్నారు.

అసలు తప్పు అక్కడే ఉందనిపిస్తోంది ఇప్పుడు. బోర్డు మీద తొమ్మిది, హాజరు పట్టీలో కూడా తొమ్మిది. మూయడానికి పట్టే సమయానికి జీతమే లేదు. అలాంటి చోట చివరి పావుగంటలో వచ్చిన ప్రతి మనిషీ తన ఇంటి టైము లాక్కోవడానికి వచ్చినట్టే కనిపిస్తాడు పనివాడికి. రోజుకి పది నిమిషాలు, వారానికి ఆరు రోజులు, ఏడాదికి 52 వారాలు వేసుకోండి: 52 గంటలు. దుకాణాలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 ఒప్పందం పెట్టిన హద్దు వారానికి 48 గంటలు. ఏడాదికి ఒక వారం పైచిలుకు పని ఊరికే పోతోందన్నమాట. ఆ డబ్బు కట్టిస్తే సగం మొహాలు వాటంతటవే విప్పారతాయి.

మందుల దుకాణం మాత్రం వేరు. ఊపిరందక ఇన్‌హేలర్ కోసం వచ్చినవాడికి షట్టర్ సగం దించి ఉన్నా ఎత్తాల్సిందే, లెక్క సంగతి తర్వాత చూసుకోవచ్చు. కానీ అక్కడ కూడా ఫార్మసిస్ట్ వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళు చీటీ చూసి మందు తీసిస్తే అది మంచితనం అనిపించుకోదు. ఒకేలా వినిపించే మందుల పేర్లు, ఒకే పేరులో రెండు మోతాదులు, అలసిన కళ్ళు. తప్పు మందు ఇచ్చేకంటే దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే చోటు ఎక్కడుందో చెప్పి పంపడం మేలు.

మిగతా చోట్ల తెలివిగా మూసేవాళ్ళు గొడవ రానివ్వరు. వంట ఉంటే చివరి ఆర్డర్ అరగంట ముందే, తలుపు మీద రెండు వేళలూ కనబడేలా రాస్తారు. పావుగంట ముందు ఒకసారి, అయిదు నిమిషాల ముందు ఇంకోసారి లోపలివాళ్ళకి చెబుతారు. కౌంటర్లు ఒక్కొక్కటీ మూస్తూ చివరికి ఒకటే ఉంచుతారు, పెద్ద నోట్లు ముందే కట్టలు కట్టేస్తారు. చివరి మనిషి బయటికి నడిచాకే జెడ్ తీస్తారు. ఫోన్ యాప్‌లో ఆర్డర్లు ఆపడం మాత్రం సగంమంది మర్చిపోతారు, షట్టర్ దించాక టింగుమంటుంది.

ఆలస్యంగా వచ్చినవాడిని ఉత్త చేతులతో పంపక్కర్లేని దారి ఒకటుంది. కావలసిందేమిటో అడిగి, పేరు రాసి, సరుకు పక్కన పెట్టి, రేపు తెరవగానే ఇస్తామని చెప్పడం. బిల్లు లేదు, గల్లా తెరవక్కర్లేదు, తాళం కూడా తియ్యక్కర్లేదు, గాజు తలుపు లోపలి నుంచే అయిపోతుంది. చాలా దుకాణాల్లో ఈ పని చెయ్యరు, చెయ్యమని స్టాఫ్‌కి చెప్పరు కూడా. ఒక చిన్న పుస్తకం, ఒక పెన్ను చాలు.