ఒకే ఉక్కు, రెండు ధరలు: చైనా మార్కెట్ సోషలిజం లోపలి లెక్క

చైనా సంస్కరణల మాట ఎత్తగానే షెన్‌జెన్ నగరపు మేడలు, సంస్కరణలు నడిపిన నేత డెంగ్ షావోపింగ్ మాటలు ముందుకొస్తాయి. నన్నడిగితే ముందు అర్థం చేసుకోవాల్సింది ధరల లెక్క. అది పట్టుబడితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

ఒక ఉక్కు కర్మాగారాన్ని తీసుకుందాం. అంకెలు లెక్క కోసమే. ప్రణాళిక కోటా 100 టన్నులు, సర్కారు ధర టన్నుకు 600 యువాన్లు, బయట 1,200. కోటా సరుకు సర్కారు ధరకు ఇచ్చి తీరాలి. దానికి కావాల్సిన బొగ్గు, ఖనిజం కూడా సర్కారు ధరకే వస్తాయి. 101వ టన్ను నుంచి ముడిసరుకు బయట కొనుక్కోవాలి, ఉక్కు బయట అమ్ముకోవచ్చు. ఆ టన్నుకు 1,000 ఖర్చవుతుందనుకోండి. పాత ధరకైతే మేనేజరు దాని జోలికే పోడు. ఇప్పుడు 200 మిగులుతుంది కాబట్టి తయారుచేస్తాడు. అంటే కోటా చెక్కుచెదరకుండానే, ఇంకో టన్ను చెయ్యాలా వద్దా అన్న నిర్ణయం మార్కెట్ ధర చేతికి వెళ్లిపోయింది.

దీనికి ఒకే ఒక్క షరతు: కోటా టన్నుల్లో స్థిరంగా ఉండాలి. ఎక్కువ తీశాడు కదా అని మరుసటి ఏడాది కోటా పెంచితే మేనేజరు తన సత్తా దాచుకుంటాడు. మన రైస్ మిల్లుల లెవీ గుర్తున్నవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. లెవీ శాతాల్లో ఉండేది. ఎంత ఎక్కువ ఆడిస్తే అంత ఎక్కువ సర్కారుకు పోయేది. చైనా కోటా మాత్రం ఒకసారి కట్టేసి చేతులు దులుపుకునే శిస్తు లాంటిది.

ఈ పద్ధతి పొలంలో మొదలైంది. 1978 చివర్లో అన్‌హుయ్ రాష్ట్రం షియావ్‌గాంగ్ ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా కాగితం రాసుకుని, వేలిముద్రలు వేసి, కమ్యూన్ (ఉమ్మడి సాగు) భూమిని ఇంటింటికీ పంచుకున్నారు. సర్కారు వాటా సర్కారుకు, ఊరి వాటా ఊరికి, మిగిలింది మనది అన్నదే సూత్రం. 1979లో కోటా ధాన్యం ధర 20 శాతం పెంచి, కోటా దాటిన దానికి ఆ ధర మీద ఇంకో 50 శాతం కలిపారు. 1978లో దాదాపు 30 కోట్ల టన్నులున్న తిండిగింజలు 1984కి 40 కోట్లు దాటాయి. ఈ ఘనతంతా భూమి పంపకానిదే అనడం సరికాదు. పెరిగిన ధర, ఎరువులు కూడా గట్టిగా పనిచేశాయి.

ఫ్యాక్టరీలకు 1984లో కోటా దాటిన సరుకును 20 శాతం వరకు ఎక్కువ ధరకు అమ్ముకోనిచ్చి, 1985 మొదట్లో ఆ హద్దు కూడా తీసేశారు. తెగులు పట్టింది ఇక్కడే. పై ఉదాహరణలో టన్నుకు 600 తేడా ఉంది కదా, అది కేటాయింపు చీటీలో, అంటే సర్కారు ధరకు సరుకు ఇమ్మనే కాగితంలో, కూర్చుంది. చీటీ సంపాదించగల అధికారి, అతని బంధువు సరుకు ముట్టుకోకుండానే ఆ 600 తినేయొచ్చు. ఒక్కో చీటీ చేతులు మారుతూ పోయేది. జనం దీన్ని గ్వాన్‌దావ్ అన్నారు, అంటే అధికారుల దళారీతనం. 1989లో బీజింగ్‌లోని తియనాన్‌మెన్ కూడలిలో నిరసనకు దిగిన విద్యార్థుల కోపంలో ఇదొక పెద్ద భాగం.

చీటీలు పోవాలంటే రెండు ధరలను ఒకటి చెయ్యాలి. 1988 ఆగస్టులో ధరలను మార్కెట్‌కు వదిలేస్తామని ప్రకటించగానే జనం బ్యాంకు డబ్బు తీసి ఉప్పు, అగ్గిపెట్టెలతో సహా దొరికిందల్లా కొన్నారు. ఆ ఏడాది ధరలు 18 శాతానికి పైగా పెరిగాయి. సర్కారు వెనక్కి తగ్గి, సెప్టెంబరు నుంచి మూడేళ్లు, ఆపైన డిపాజిట్లకు ధరల పెరుగుదలతో ముడిపెట్టి వడ్డీ ఇచ్చింది. తప్పు దిశలో లేదు, సమయంలో ఉంది: అప్పటికే డబ్బు విపరీతంగా పారుతోంది. 90ల మొదట్లో సరుకు పెరిగి, రెండు ధరల మధ్య దూరం తగ్గాక అదే పని పెద్దగా గొడవ లేకుండా అయిపోయింది. 1994 జనవరి 1న యువాన్‌కూ ఇదే జరిగింది: డాలరుకు 5.8గా ఉన్న అధికారిక రేటును కంపెనీలు తమలో తాము డాలర్లు మార్చుకునే కేంద్రాల్లో 8.7 దగ్గరున్న రేటులో కలిపేశారు.

మరి ఇందులో సోషలిజం ఎక్కడ? 1930లలో పోలండ్ ఆర్థికవేత్త ఆస్కార్ లాంగే ఊహించిన మార్కెట్ సోషలిజంలో ప్రణాళికా మండలే ధర వేసి, సరుకు మిగిలితే తగ్గించి, చాలకపోతే పెంచుతుంది. చైనా ధర వేసే పనే క్రమంగా వదులుకుంది. 1992 అక్టోబరులో 14వ పార్టీ మహాసభ పెట్టిన పేరు కూడా ‘సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ’. సర్కారు అట్టేపెట్టుకున్నది ఆస్తి: పెద్ద బ్యాంకులు, చమురు, విద్యుత్తు, అన్నిటికన్నా ముఖ్యంగా నేల. 1982 రాజ్యాంగం ప్రకారం పట్టణ భూమి ప్రభుత్వానిది, పల్లె భూమి సామూహికం. 1988 సవరణ వాడకపు హక్కును మాత్రమే అమ్ముకోనిచ్చింది. దానికి 1990 నిబంధనలు గడువులు పెట్టాయి: ఇళ్లకు 70 ఏళ్లు, పరిశ్రమలకు 50, వ్యాపారానికి 40. ఇళ్లకు గడువు తీరితే హక్కు దానంతటదే కొనసాగుతుందని 2007 ఆస్తి చట్టం చెప్పింది. అందుకు ఎంత కట్టాలో మాత్రం అందులో రాయలేదు.