చలిలో ఆగిపోయిన ఆ నాలుగు గంటలు

ఫ్లాస్కులో బ్యాక్టీరియా చచ్చిపోయిందనే అనుకున్నాను. 37 డిగ్రీల దగ్గర చకచకా పెరుగుతున్న ఇ. కొలై కల్చర్‌ను 10 డిగ్రీలకు దించాను. ఓడీ (ద్రవం ఎంత మసకబారిందో చెప్పే అంకె, కణాలు పెరిగితే అదీ పెరుగుతుంది) 0.5 దగ్గర ఆగిపోయింది. మూడు గంటలు గడిచినా అంతే. పారబోయబోయి, మనసొప్పక ఫ్లాస్కును ఊపుతూ ఉండే యంత్రం, షేకర్‌లోనే వదిలేసి వెళ్లాను. మర్నాడు పొద్దున చూస్తే దాదాపు 0.7!

చలి తగిలితే ఇ. కొలై సుమారు నాలుగు గంటలు పెరగడం మానేస్తుంది. ఆ వ్యవధిలోనే సీఎస్‌పీఏ అనే బుల్లి ప్రొటీన్‌ను విపరీతంగా తయారుచేసుకుంటుంది. ఉన్నవి 70 అమైనో ఆమ్లాలే. కానీ ఆ సమయంలో కణంలో తయారయ్యే ప్రొటీన్‌లో 13 శాతం ఇదొక్కటేనని 1990లో దాన్ని గుర్తించినవాళ్లు లెక్కగట్టారు. ఇక దాన్ని జెల్ మీద (ప్రొటీన్లను సైజుల వారీగా గీతలుగా విడదీసే మెత్తటి పలక) కళ్లారా చూసేదాకా నాకు నిద్రపట్టలేదు.

మొదటిసారి ఏమీ కనబడలేదు. ఫ్లాస్కును నేరుగా చల్లటి షేకర్‌లో పెట్టడం ఒక తప్పు. చల్లగాలికి కల్చర్ అంత త్వరగా చల్లారదు. ఈసారి ఐసునీళ్లలో ఫ్లాస్కు తిప్పుతూ చల్లార్చాను. (అంతే మీడియం పోసిన మరో ఫ్లాస్కులో థర్మామీటర్ పెట్టి పక్కనే తిప్పాను. కల్చర్‌లో ముంచితే వేరే బ్యాక్టీరియా చేరుతుంది.) అసలు తప్పు జెల్‌ది. మామూలు గ్లైసీన్ జెల్‌లో 7.4 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలత) ఈ ప్రొటీన్, అన్నిటికంటే ముందు పరిగెత్తే రంగుగీతతో కలిసి కిందికి జారిపోతుంది. ఇంత చిన్నవాటికి ట్రైసీన్ జెల్ వాడాల్సిందే.

ఈ ప్రొటీన్ చేసే పని నాకు మహా ఇష్టం. చలికి, ప్రొటీన్ తయారీ సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ పోగులు తమలో తామే మెలికలు పడతాయి, ఆ సూచనలు చదివి ప్రొటీన్ కట్టే రైబోజోమ్‌కు వాటిని చదవడం కష్టమవుతుంది. సీఎస్‌పీఏ ఆ పోగుల్ని వదులుగా పట్టుకుని చిక్కు పడనివ్వదు. దాన్ని తయారుచేయమనే ఆర్‌ఎన్‌ఏ వెచ్చదనంలోనూ పుడుతూనే ఉంటుంది, కానీ 37 డిగ్రీల దగ్గర క్షణాల్లో చిన్నాభిన్నమైపోతుంది. చలిలో అదే నిమిషాల తరబడి నిలుస్తుంది.

ట్రైసీన్ జెల్‌కు రంగు వేసి, కడిగి, కింద దీపం వెలిగే గాజుపలక మీద పెట్టాను. చలికి ముందు తీసిన శాంపిల్‌లో అట్టడుగున దాదాపు ఖాళీ. గంట తర్వాతి దాంట్లో సన్నగీత. రెండు గంటలకు ముదురు నీలం. ఓడీ ఇసుమంతైనా కదలని ఆ రెండు గంటల్లోనే! మర్నాటి శాంపిల్‌లో గీత మళ్లీ పలచబడింది. అప్పటికి కణాలు పెరగడం మొదలుపెట్టాయి.