ఎత్తుకుపోయిన పెంపుడు కుక్కను తిరిగి రాబట్టుకోవాలంటే

పెంపుడు కుక్క కనిపించడం లేదనగానే చుట్టుపక్కలవారు ఇచ్చే సలహా, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టి రెండు రోజులు చూడమని. దారి తప్పిన కుక్క విషయంలో అది పనికొస్తుంది. గొలుసు కోసి ఉన్నా, బండి మీద వచ్చినవారు ఎత్తుకుపోవడం ఎవరి కంటనైనా పడినా, ఆ రెండు రోజులు దొంగకు మనం చేతులారా ఇచ్చిన గడువవుతాయి. ఇలా నష్టపోయిన ఇరుగుపొరుగువారికి తోడుగా స్టేషన్‌కు వెళ్లిన అనుభవంతో చెబుతున్నాను, మొదట చేయవలసిన పని పోలీసు ఫిర్యాదే.

‘కుక్కే కదా, అదే వస్తుందిలెండి’ అన్న మాట అక్కడ వినవలసి రావచ్చు. దానికి వెనుదిరగకండి. 1860 నాటి భారత శిక్షాస్మృతి దొంగతనాన్ని వివరిస్తూ ఇచ్చిన ఉదాహరణల్లోనే, జేబులో ఎర పెట్టుకొని పరాయివారి కుక్కను వెంట తిప్పుకొనేవాడి ప్రస్తావన ఉంది; కాజేసే ఉద్దేశంతో అలా చేస్తే, కుక్క అతని వెంట నడవడం మొదలుపెట్టగానే దొంగతనం జరిగినట్టే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ ఆ ఉదాహరణ కొనసాగుతోంది, శిక్ష మూడేళ్ల వరకు ఉంటుంది. అయితే కొత్త చట్టంలో ఒక మెలిక ఉంది. దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే, మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల్లోకి అది వెళ్లవచ్చు. అందుకని కుక్కను కొన్న ధరను ఫిర్యాదులో తప్పక రాసి, రసీదు గానీ, డబ్బు పంపిన ఫోన్ చెల్లింపు వివరం గానీ జతచేయండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా పొందడం మీ హక్కు. కేసు నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి, కమిషనరేట్ పరిధిలోనైతే డీసీపీకి రాతపూర్వకంగా పంపి, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

అదే రోజు సీసీ కెమెరాల సంగతి చూడండి. రికార్డర్‌లో జాగా నిండగానే పాత దృశ్యాలపై కొత్తవి పడిపోతాయి కనుక, వీధి చివరి కిరాణా కొట్టువారిని బతిమాలైనా ఆ గంట దృశ్యాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.

కుక్క దొరికాక అది మీదేనని నిరూపించడం మరో పరీక్ష. చాలా ఇళ్లలో ఉండే మంచి ఆధారం టీకాల కార్డు: పశువైద్యుడు టీకా సీసా మీది చిన్న లేబుల్‌ను ఊడదీసి అందులో అతికించి, తేదీ వేసి, సంతకం చేసి, ముద్ర కొడతాడు. యజమాని పేరు, కుక్క రంగు, పుట్టిన తేదీ అందులోనే ఉంటాయి. బియ్యపు గింజంత మైక్రోచిప్‌ను మెడ వెనుక చర్మం కింద వేయించి ఉంటే ఇంకా మేలు. అది కుక్క ఎక్కడుందో చెప్పదు, స్కానర్ పెట్టినప్పుడు 15 అంకెల సంఖ్యను మాత్రమే చూపిస్తుంది. ఆ సంఖ్య మీ పేరిట నమోదై ఉండాలి. 2020లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో ఒకే లాబ్రడార్‌ను ఇద్దరు తమదేనన్నప్పుడు, పోలీసులు దాని రక్త నమూనాను డీఎన్ఏ పరీక్ష కోసం మన హైదరాబాద్‌కే పంపవలసి వచ్చింది. కార్డు, చిప్పు పక్కాగా ఉంటే అంత దూరం పోనవసరం లేదు.

పోస్టర్లలో కుక్క గుర్తులన్నీ రాసేయకండి. చెవి లోపలి మచ్చ వంటి ఒక గుర్తును మీ దగ్గరే దాచుకోండి. ‘మీ కుక్క నా దగ్గరుంది, ముందు డబ్బు వేయండి’ అని ఫోన్ చేసేవారిని దాని గురించే అడగండి. చెప్పలేకపోతే పైసా కూడా పంపవద్దు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

అమ్మకపు ప్రకటనలో మీ కుక్క కనబడితే కోపంతో ఒంటరిగా వెళ్లకండి. ప్రకటనను, అమ్మేవారి నంబరును స్క్రీన్‌షాట్ తీసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. దొంగ సొత్తని తెలిసి కొనడం కూడా న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమే. పోలీసులు స్వాధీనం చేసుకున్న కుక్కను కేసు తేలేదాకా మీ సంరక్షణలో ఉంచాలని న్యాయవాది ద్వారా మేజిస్ట్రేట్‌ను కోరవచ్చు. ఇంటికి వచ్చిన రోజే పశువైద్యునికి చూపించి, ఆ పరీక్ష వివరాలను కూడా కేసు కాగితాలతో భద్రపరచండి.